వంకాయరంగు లైటు

గురువారం

మందు మానేశాను, సాయంత్రాలు గడవడం లేదంటూ మా ఆయన వెనకగదిలో మట్టి లేకుండా నీళ్ళ గొట్టాల్లోనే పాలకూర వేశారు. ఆ గదికి ఎండ రాదు. మొక్కల లైటు కోసం ఇవాళ గవర్నర్‌పేటలో ఒక లైట్ల కొట్టుకి వెళ్ళాం.

కొట్టతను రెండు రకాలు వెలిగించి చూపించాడు. "తెల్లదే తీసుకోండి సార్. వంకాయరంగు దాంట్లో ఆకు పసుపెక్కినా కనపడదండీ. తెలిసేసరికి మొక్క పోతుంది."

"అయితే వంకాయరంగుదే ఇవ్వండి," అన్నాను. "ఈయన కళ్ళు మళ్ళీ పసుపెక్కాయి. మానేశానంటూనే తాగుతున్నారు. రోజూ ఆ కళ్ళు చూడలేక చస్తున్నాను."

కొట్టతను తల దించుకున్నాడు. ఈయన నవ్వబోయి ఆగిపోయి, వంకాయరంగుదే కొన్నారు. అలా అన్నందుకు నాకేం బాధ లేదు. అబద్ధమని ఆయన ఒక్క మాటైనా అనలేదు, అదే భయంగా ఉంది.

ఇంటికొచ్చాక ఆయన వెనకగదిలో లైటు బిగించి, దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుని నన్ను పిలిచారు. కళ్ళు పెద్దవి చేసి, "ఇప్పుడు చూడగలవా?" అన్నారు.

చూశాను. పసుపు ఎక్కడా లేదు.

"బాగున్నారు. ఇక అక్కడే ఉండండి," అని తలుపు వేసి వచ్చేశాను.

ఇంతవరకూ ఆయన బయటికి రాలేదు. తలుపు కింద నుంచి ఆ వెలుతురు వస్తూనే ఉంది.