గద్ద వెనక గులాబి రుమాలు

ఆదివారం, పొద్దున తొమ్మిది

లింబయ్య కాకకు నమస్కారం.

మోటరు స్టార్టర్ డబ్బాలో బల్లి ఉండాల్సిన చోట ఉత్తరం ఉందని కంగారు పడకండి. మీ పేరు డబ్బా మీద రాసి ఉంటే చూశాను. నా పేరు త్రివేణి. నిజామాబాదులో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను, ఆదివారాలు పిట్టల ఫోటోలు తీస్తాను.

మీరు చెరుకు కొట్టిన మడిలో, ఎండిన తుమ్మ మొద్దు మీద ఒక తెల్ల గద్ద వాలుతోంది. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, కింద ఎలుక కదలగానే రాయిలా పడుతుంది. ఆ పడే క్షణం నాకు కావాలి. పదకొండేళ్ళుగా నేను తీసిన పిట్టలన్నీ కూర్చున్నవే. మా ల్యాబులో వాటిని వెయిటింగ్ రూం పిట్టలంటారు.

మీరు దున్ని నీళ్ళు పెడితే ఎలుకలు పోతాయి, గద్దా పోతుంది. నాట్లకు ఇంకెన్ని రోజులుంది? ఆదివారం పొద్దున అటు ఎవరినీ నడవనివ్వకండి. ఎవరైనా ఉంటే నేను వెళ్ళేదాకా కదలకుండా నిలబడాలి. కదలనిది ఏదైనా గద్దకు చెట్టే.

ఇట్లు,
కాలువ గట్టు మీద ఆకుపచ్చ గుడ్డ కింద దాక్కునే
త్రివేణి

తా.క.: ఆ గుడ్డ కదిలితే అడవిపంది అనుకుని రాయి విసరకండి.

*

బుధవారం

మేడం గారికి లింబయ్య దండం పెట్టి రాసుడు.

మీ నంబరు అడిగి ఫోన్ చేస్తుంటి గని అది మా ఇంటామె ఈరవ్వ చేతిల ఉంటది. ఆడమనిషితోటి గద్ద ముచ్చట మాట్లాడుతున్న అంటే నమ్మది. అందుకే కాయితం.

మూడు ఆదివారాలు నాట్లు ఆపుత. కాలువ నీళ్ళొచ్చినా ఆపుత. ఎలుకలు నా చెరుకు సగం నమిలినయి, అండ్ల ఒక్కటన్న పొయ్యే ఫోటో నాగ్గూడ చూడాలని ఉన్నది.

మా బాపు జిందగీల ఒక్కటే ఫోటో దిగిండు. బోధన్ అంగడిల, కొత్త రుమాలు కట్టుకోని, ఎద్దు పక్కన. పక్కన మనిషి లేకుంటే ఎద్దు ఎవరిదో ఎట్ల తెలుస్తది? చేను ఫోటో అయినా గంతే. మీరు చెప్పినట్టు ఎవ్వరు కదలరు. భరోసా నాది.

ఇట్లు,
చేను గల్ల లింబయ్య

తా.క.: డబ్బాల చెయ్యి పెట్టేముందు మెయిన్ బందు చేయిండ్రి. లేకుంటే ఉత్తరం మంచిగనే ఉంటది, మీరుండరు.

*

ఆదివారం

లింబయ్య కాకకు,

మాట నిలబెట్టుకున్నారు, నరమానవుడు కదల్లేదు. కానీ మీ దిష్టిబొమ్మ సంగతి ముందే చెప్పాల్సింది. తలకు గులాబి రుమాలు చుట్టి సరిగ్గా మొద్దు వెనకే నిలబెట్టారు. కెమెరా పిట్ట మీద పెడితే వెనకదంతా మసకగా వస్తుంది. మసకలోనే అది ఇంత వికారంగా ఉంటే దగ్గరికెళ్ళినవాళ్ళు జడుసుకోరా? పొట్టలో గడ్డి బాగా కుక్కారు, కాళ్ళకు మిగల్లేదనుకుంటా. గద్ద రెండుసార్లు గాలిలో నిలబడి, దాన్ని చూసి వెనక్కి తిరిగింది. దయచేసి తీసేయండి.

ఇట్లు,
త్రివేణి

తా.క.: మీసానికి చీపురు పుల్లలు వాడారా?

*

గురువారం

త్రివేణి మేడంకు,

తీసేసిన. మక్కచేన్ల ఉండె. నల్ల అంగి, తలకాయకు కుండ. దానికి రుమాలు లేదు, మీసం లేదు. రెండు సాళ్ళ కంకులు చిలుకలు తిన్నయి, తిననీ.

గులాబి రుమాలు ఈ చుట్టు చేన్లల్ల నాకొక్కనికే ఉన్నది. అంటే నన్ను ఎక్కిరియ్యనీకె పక్కచేను పోశన్న బొమ్మ చేసి పెట్టిండు. గట్టు కాడ మాకు పాత పంచాయితి ఉన్నది. పొయ్యి నిలదీసిన. "నువ్వుండంగ నాకు ఇంకో దిష్టిబొమ్మ ఎందుకు?" అన్నడు. గా మాట నాకు సమజ్ కాలే.

ఇట్లు,
లింబయ్య

తా.క.: ఫోటోల గద్ద పక్కన ఇంకేమన్న మంచిగ పడ్డదా?

*

ఆదివారం

కాకా,

బొమ్మ పోలేదు! పది అడుగులు దగ్గరికి కూడా వచ్చింది. పైగా తెల్లటి ఇస్త్రీ అంగీ. దిష్టిబొమ్మకు ఇస్త్రీ చేసేవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

ఈరోజు గద్ద పడబోయింది కాకా. కాళ్ళు చాచింది కూడా. సరిగ్గా అప్పుడే బొమ్మ ఊగింది, గద్ద ఉత్తి కాళ్ళతో లేచిపోయింది. నవ్వుతూ రాస్తున్నాను గాని మనసు బాగాలేదు. ఇక మిగిలింది ఒక్క ఆదివారం. అదీ పోతే కెమెరా అమ్మేస్తానని ఇంట్లో చెప్పేశాను.

ఇట్లు,
త్రివేణి

తా.క.: పోశన్నతో నేను మాట్లాడనా?

*

మంగళవారం

త్రివేణి బిడ్డకు,

కెమెరా అమ్మకు. నా మాట ఇను.

మొన్న నేను ఆడనే ఉన్న, పొద్దు పొడవకముందు సంది నువ్వు పొయ్యేదాక. నువ్వు చెప్పినట్టు నిలువునా నిలబడ్డ. ఒక్కపాలి చీమ మోకాలు కుడితె జర ఊగిన, అంతే. నాకైతే ఏ బొమ్మ కానరాలే. సుట్టు సూద్దామంటే కదలద్దంటివి.

ఈ ఆదివారం మొద్దుకు ఇంకింత దగ్గర నిలబడి కావలి కాస్త. బొమ్మ పెట్టేటోడు దొరకాలె, కాలువల ముంచుత.

ఇట్లు,
కాక

తా.క.: ఈరవ్వ నీ ఉత్తరాలన్ని సదివింది. నిన్నటి సంది నవ్వుతనే ఉన్నది. ఎందుకే అంటే చెప్తలేదు.

*

సోమవారం (ఫోటో ఉంది కాబట్టి పోస్టులో పంపుతున్నాను)

లింబయ్య కాకకు,

పడింది! గద్ద పడింది, ఎలుక దొరికింది, దుమ్ము లేచింది, నేను నొక్కాను. గుడ్డ కింద కూర్చుని ఏడ్చాను కూడా.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను. ఈసారి బొమ్మ ఎంత దగ్గరుందంటే మసక లేదు. దానికి పళ్ళున్నాయి. నోరంతా తెరిచి నవ్వుతోంది. అప్పుడు, తిరిగొచ్చేటప్పుడు డబ్బాలోంచి తెచ్చుకున్న మీ ఉత్తరం విప్పి, పాతవాటితో కలిపి వరసగా చదివాను.

కాకా, నన్ను క్షమించండి. ఆ పొట్ట మాట, ఆ మీసం మాట తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఎలుక ఉరికింది మీ కాళ్ళ దగ్గరే. మూడు ఆదివారాలు చూసి చూసి, గద్ద మిమ్మల్ని చెట్టనుకుంది. లేకపోతే మనిషికి అంత దగ్గరగా అది పడదు. ల్యాబులో అందరూ కత్తిరించమన్నారు గాని, ఫోటోలో మిమ్మల్ని అలాగే ఉంచాను.

ఇట్లు,
కళ్ళుండీ చూడలేని
త్రివేణి

తా.క.: రుమాలు నిజంగా బాగుంది.

*

శనివారం

బిడ్డా,

ఫోటో అందింది. బాపు ఎద్దు ఫోటో పక్కన గోడకు కొట్టిన. గద్ద నాది కాదు, నాకెరుకే. గని పక్కన నిలబడ్డది నేను. పోశన్నకు చాయ తాగిపిచ్చి మాఫీ అడిగిన.

నాట్లయిపోయినయి. మడి నిండ నీళ్ళే, గద్ద రెండు రోజులు కానరాలే. నాకు పానం ఒక తీరుగయింది. చిలుకలు బాగ తింటున్నయని మక్కచేన్ల దిష్టిబొమ్మను మళ్ళ నిలబెట్టిన. నా గులాబి రుమాలు దానికే చుట్టిన. తెల్లారి పొయ్యి సూస్తే, గద్ద వచ్చి ఆ రుమాలు మీదనే కూసున్నది బిడ్డా. నేననే అనుకున్నది.

ఆదివారం రా. ఈపాలి బొమ్మను ఎంతన్న తిట్టు, అది నేను కాదు.

ఇట్లు,
కాక

తా.క.: బిడ్డా, నేను ఈరవ్వను. ఈ మనిషి నీ గద్ద కోసం మూడు ఆదివారాలు చెట్టు లెక్క నిలబడ్డడు. పాలు పొంగకుంట పొయ్యికాడ జర నిలబడుమంటె ముప్పై ఏండ్ల సంది నిలబడలే. దానికి గూడ నువ్వే ఒక ఉత్తరం రాయి.