రెండో ఓటు

డోర్కస్ గారూ,

మన ఊరి ఎన్నికల గుమాస్తా అయిన మీకొక విన్నపం.

అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రతి ఎన్నికలోనూ నేనూ మా ఆయన ఎల్డన్ ఎవరికీ తెలియని పేరుకే ఓటేసేవాళ్లం. "పాపం, మనం తప్ప వాడికెవరే దిక్కు?" అనేవారాయన. టౌన్‌హాల్లో ఓట్లు లెక్కపెట్టాక మీరు ఆ పేరు చదివి "రెండు" అనగానే, "ఇంకెవరు, ఆ మొగుడూ పెళ్లాలే!" అని అందరూ నవ్వేవారు.

ఎల్డన్ పోయాక మొన్న మొదటిసారి ఒక్కదాన్నే వేశాను, ఈసారి ఎవరికీ తెలియకుండా పోటీలో ఉన్న, పియానోలు బాగుచేసే ఓ పెద్దమనిషికి. "ఒకటి" అని వినడానికి గుండె దిటవు చేసుకుని కూర్చున్నాను. మీరు "రెండు" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

రెండోది ఎవరిదో చెప్పమనను. ఈ ఉత్తరాన్ని హాలు తలుపుకు అంటించండి, చాలు. ఆ రెండో ఓటు వేసినవాళ్లు చదువుకుని మా ఇంటికి కాఫీకి వస్తే సంతోషం. ఓటు మాటే ఎత్తను.

ఇట్లు,
ఆ మొగుడూ పెళ్లాల్లో మిగిలినదాన్ని