నవ్వుకి వదిలిన చోటు

లండన్,
సెప్టెంబరు, 1958

ప్రియమైన నాన్నకి,

ముందు కూర్చో. కూర్చున్నావా? సరే, ఇప్పుడు చదువు. నీకు సినిమాలో వేషం వచ్చింది!

మా కంపెనీ తీస్తున్న కొత్త హాస్యచిత్రం షూటింగు ఎక్కడనుకున్నావు? మన మార్థోర్ప్‌లోనే. బీచ్‌లో జనం పారేసుకున్న వస్తువులు దాచిపెట్టి, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి తిరిగిచ్చే పాక ఒకటుంది కథలో. అందులో కూర్చునే ముసలాయన వేషానికి డైరెక్టర్ లోవెల్ గారికి ఎవరూ నచ్చడం లేదు. ఎడిటింగ్ గదిలో ఫిల్ము ముక్కలు అతికించుకునేదాన్ని, నన్నెవరు అడిగారు? అయినా నా నోరు ఊరుకుంటుందా! “క్లిఫర్డ్ హెబ్డెన్ అని, మార్థోర్ప్‌లో సముద్రంలోకి కట్టిన పియర్ వంతెన మీది థియేటర్లో నలభై ఏళ్ళుగా నవ్విస్తున్నాడండీ, ఒక్కసారి చూడండి” అన్నాను. “మీకేమవుతారు?” అన్నారు. “నాన్న” అన్నాను. ఆయన నవ్వి, రమ్మనండి అన్నారు.

ఆ థియేటర్‌ని మూసి వచ్చే వేసవికి బింగో జూదం ఆడే హాలు చేస్తున్నారని నువ్వు రాసిన దగ్గర్నుంచీ నాకు ఒకటే దిగులు. స్టేజీ లేకపోతే నువ్వేమైపోతావు నాన్నా? ఈ వేషం కుదిరితే ఇంకోటి వస్తుంది. అందుకే చెబుతున్నాను, గ్యాలరీలో ఆఖరి వరుస వాళ్ళకి వినపడాలన్నట్టు అరవకు. కెమెరా నీ ముక్కు దగ్గరే ఉంటుంది. అక్కడ తీసిన ఫిల్ము రోజూ రైల్లో ఇక్కడికే వస్తుంది, అంతా నేను చూస్తూనే ఉంటాను.

గర్వంతో రెండంగుళాలు పొడుగెదిగిన నీ కూతురు,
హేజెల్

మార్థోర్ప్,
సెప్టెంబరు

నా బంగారు హేజెల్‌కి,

మీ నాన్న సినిమా స్టారయ్యాడమ్మా. కుర్చీ వేస్తున్నారు, గొడుగు పడుతున్నారు, అడక్కుండానే టీ ఇస్తున్నారు. నేనుండే ఇంటి ఓనరు టోర్డాఫమ్మ నా వైభోగమంతా చూసి, “ఇన్నేళ్ళుగా ఉడికిన చేపలు పెట్టి పోషించింది నేను. గొడుగు మాత్రం వాళ్ళు పట్టారని మురిసిపోతున్నావు” అంది. పొద్దున పదింటికల్లా ఇంట్లోంచి బయటికి పొమ్మనే నియమం మాత్రం స్టార్లకి కూడా వర్తిస్తుందట.

ఇక అసలు సంగతి. నిన్న నా మొదటి సీను. పాక దగ్గరికి ఒకావిడ వస్తుంది. “మా ఆయన పళ్ళసెట్టు సముద్రంలో పడిపోయిందండీ, దొరికిందా?” అంటుంది. “పై పళ్ళా, కింద పళ్ళా?” అంటాను. “పైవి.” “కిందవే ఉన్నాయమ్మా. పెట్టుకుని తలకిందులుగా నవ్వమను.” పియర్ మీద ఈ మాటంటే చాక్లెట్లమ్మే పిల్లతో సహా పడీపడీ నవ్వాలి. ఇక్కడేమైందో తెలుసా? ఏమీ కాలేదు! యాభైమంది నిలబడి, శవయాత్రకి వచ్చినవాళ్ళలా నా మొహం చూస్తున్నారు. నవ్వింది ఒక్క సముద్రపు పిట్ట. అది కూడా నన్ను చూసి కాదనుకుంటా.

షూటింగులో చప్పుడు చెయ్యకూడదని లోవెల్ గారు ముందే చెప్పారులే. బుర్రకి తెలుసు, నోటికి తెలియదు. నవ్వు వచ్చి, పెరిగి, కాస్త తగ్గితే తప్ప నాకు రెండో మాట రాదు. వాళ్ళు నవ్వరు, నేను కదలను. అందరం ఒకర్నొకరు చూసుకుంటూ నిలబడ్డాం. లోవెల్ గారు “చాలా బాగుందండీ” అన్నారు. అంత మర్యాదగా అన్నారంటేనే బాగాలేదని నాకు అర్థమైపోయింది.

నిజం చెప్పు తల్లీ. ఎలా ఉన్నాను?

గొడుగు కింద చెమటలు పట్టిన
నాన్న

లండన్,
సెప్టెంబరు

నాన్నా,

నిజం చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను, కోపం తెచ్చుకోకు. మొహం బాగుంది, గొంతు బాగుంది. కానీ ప్రతి మాట తర్వాత ఆగిపోతున్నావు. చిన్న గదిలో నలుగురం కూర్చుని చూస్తుంటే, ఆ ఆగిన చోటల్లా నాకు కుర్చీలోంచి లేచి పారిపోవాలనిపించింది. మా నిర్మాత “ముసలాయన మాటలు మర్చిపోతున్నాడా ఏంటి?” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కానీ ఏమని వాదించను? చూడటానికి అలాగే ఉంది మరి.

ఆ ఆగుళ్ళన్నీ కోసెయ్యమని నాకు ఆర్డరు వచ్చింది. కోసినా బాగుండకపోతే లండన్ నుంచి ఇంకో నటుణ్ణి పంపుతారట. దయచేసి ఆగకు నాన్నా. ఒక మాట అయిపోగానే ఇంకో మాట అనేసెయ్. నవ్వు సంగతి మర్చిపో. నీకిది చెప్పాల్సి వచ్చిందే అని ఏడుపొస్తోంది.

నీ
హేజెల్

మార్థోర్ప్,
అక్టోబరు

తల్లీ,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఆగకుండా చెప్పాను. స్టేషన్లలో ఆగని రైలు ఎక్కినట్టయింది, ఎక్కడ దిగాలో తెలియలేదు. ఆవిడ అనాల్సిన మాట కూడా నేనే అనేశాను. మళ్ళీ తీశారు, ఈసారి మళ్ళీ పాతలాగే ప్రతి మాటకీ ఆగిపోయాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి నీ ఉత్తరం చదివితే పోతుందా?

దాంతో నేనే లోవెల్ గారి దగ్గరికి వెళ్ళి, “బాబూ, నన్ను తీసేసి ఇంకొకరిని పెట్టుకోండి” అన్నాను. ఆయన ఆకాశం కేసి చూపించారు. వాన. వారం నుంచీ ఒకటే వాన. మళ్ళీ తీసే వీల్లేదట, ఉన్నదాంతోనే ఏదో చేసుకుంటామన్నారు. ఏదో అంటే ఏమిటో నాకు తెలుసమ్మా. జనానికి వేసి చూపించి, నవ్వకపోతే నా పాక సీన్లన్నీ ఎత్తేస్తారు.

ఇవాళ పియర్ మీదికి వెళ్ళాను. బింగో బోర్డు పెట్టేశారు. చాలాసేపు నిలబడ్డాను. నాకు ఏడుపొచ్చింది, దాచను. వానలో ఎవరికీ తెలియలేదులే. టోర్డాఫమ్మకి మాత్రం తెలిసిపోయింది. ఏమీ అడక్కుండా వేడివేడి సూప్ పెట్టి, “చలికాలమంతా నా గోడలకి రంగులేస్తూ ఉండిపో. గోడలు కూడా నవ్వవు, నీకు అలవాటైపోయిందిగా” అంది. ఆవిడ ఓదార్పు అలాగే ఉంటుంది.

నన్ను కొయ్యాల్సి వస్తే మొహమాటపడకు. నా మూలంగా నీ ఉద్యోగానికి మాట రాకూడదు. మార్థోర్ప్‌లో మేకప్ బుట్టల మధ్య నిద్రపోయిన పిల్లవి, సొంతంగా ఓ చోటు సంపాదించుకున్నావు. అది నా వేషం కన్నా ఎక్కువ నాకు.

నాన్న

లండన్,
నవంబరు

నాన్నా, నాన్నా, నాన్నా,

ఇన్నాళ్ళూ ఉత్తరం ఎందుకు రాయలేదంటే, రాయడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు తొందర తొందరగా రాస్తున్నాను, అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

కిందటి గురువారం క్రాయ్‌డన్‌లో ఒక హాల్లో మామూలు జనానికి సినిమా వేసి చూశారు. నీ ఆగుళ్ళన్నీ చెప్పినట్టే కోసేశాను. నీ పాక వచ్చింది. మొగుడు తప్పిపోయాడని ఆవిడ వస్తుంది చూడు, ఆ సీను. “గొడుగులైతే ఆర్నెల్లు ఉంచుతామమ్మా, మొగుళ్ళని సాయంత్రం దాకానే” అన్నావు. హాలు బద్దలైపోయింది! ఎంత నవ్వారంటే, వెంటనే ఆవిడ అనే “అయితే రేపొస్తాలెండి” ఒక్కరికీ వినపడలేదు. నా పక్కనున్న ముసలమ్మ “ఏమంది? ఏమంది?” అని అడుగుతూ నీ తర్వాతి మాట కూడా పోగొట్టుకుంది. సినిమా అంతా అదే గోల. జనం నవ్వుతారు, నవ్వులో మాట మునిగిపోతుంది, విసుక్కుంటారు.

బయటికొచ్చాక లోవెల్ గారు తల పట్టుకున్నారు. అప్పటికి నాకు వెలిగింది. “అవన్నీ నా గదిలో మేకులకి వేలాడుతున్నాయండీ. నేనేదీ పారెయ్యలేదు” అన్నాను. “ఏవి?” అన్నారు. “మా నాన్న ఆగిన ముక్కలు.” ఆయన గట్టిగా నవ్వి, “పదండి, నేనూ పట్టుకుంటాను” అన్నారు. ఇద్దరం కూర్చుని అన్నీ తిరిగి అతికించాం.

నిన్న ఇంకో హాల్లో వేశారు. మొగుళ్ళ మాట అన్నావు. నవ్వు లేచింది, పెరిగింది, తగ్గింది. నువ్వక్కడే ఉన్నావు, కనురెప్ప కూడా వెయ్యకుండా. అప్పుడు ఆవిడ “అయితే రేపొస్తాలెండి” అంది. నాన్నా, సీట్లలోంచి జారి పడ్డారు! ఎవరూ నవ్వని బీచ్‌లో నువ్వు ఎంతసేపు ఆగావో, వీళ్ళు అంతసేపే నవ్వారు. ఒక్క చోట కూడా తప్పు పోలేదు. చీకట్లో నేను ఏడ్చేశాను. ఆగకు అని నీకు రాసిన చెయ్యి ఇదే కదా.

లోవెల్ గారు తన తర్వాతి సినిమాలో నీకు పెద్ద వేషమే అనుకున్నారు. వచ్చే మంగళవారం లండన్ రావాలి. ఈ శుక్రవారం మార్థోర్ప్‌లో మన ఊరివాళ్ళకి వేస్తున్నారు, తప్పకుండా వెళ్ళి చూడు.

సిగ్గుపడుతూ, ఎగిరి గంతులేస్తూ,
నీ హేజెల్

మార్థోర్ప్,
నవంబరు

నా పిచ్చి హేజెల్‌కి,

సిగ్గెందుకే? ఆగడం తప్పనే నేనూ అనుకున్నాను. నాకు మాత్రం ఏం తెలుసు, అలవాటు చొప్పున నోరు మూసుకున్నానంతే.

మంగళవారం వస్తున్నాను. టోర్డాఫమ్మ అప్పుడే చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. గోడలకి ఎవరు రంగేస్తారని ఒకటే సణుగుడు. రంగు డబ్బాలు మాత్రం దుకాణంలో తిరిగిచ్చేసి వచ్చింది.

శుక్రవారం వెళ్ళాను. ఎవరూ గుర్తుపట్టకుండా మఫ్లరు చుట్టుకుని, హాలు మధ్యలో కూర్చున్నాను. దీపాలు ఆరిపోయాయి. నా పాక వచ్చింది. పళ్ళసెట్టు దగ్గర మొదటి నవ్వు లేచింది. అది నా ముందునుంచి కాదమ్మా, పక్కనుంచీ వెనకనుంచీ వచ్చింది.

నీకెప్పుడూ చెప్పలేదు. స్టేజీ మీద ఆ దీపాలు కళ్ళలో కొడుతుంటే అవతల నల్లటి చీకటి తప్ప ఏమీ కనపడదు. నలభై ఏళ్ళు నవ్వు విన్నాను గానీ, నవ్వే మనిషిని చూసింది లేదు. అందుకని ఏం చేశానంటే, సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద కూర్చున్నాను. తెర వెలుగు వాళ్ళ మొహాల మీద పడుతోంది. చేపల బజారు బెర్తా, కళ్ళు తుడుచుకుంటోంది. గాడిదల మీద పిల్లల్ని తిప్పే జెత్రో, పళ్ళు లేని నోరు ఇంత తెరిచి! బ్యాంకు మేనేజరు, ఎప్పుడూ మూతి ముడుచుకుని తిరిగే మనిషి, పెళ్ళాం భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి నవ్వుతున్నాడు. నవ్వితే మనుషులు ఇంత అందంగా ఉంటారని నాకు తెలియదు తల్లీ.

వెనక వరసలో ఒకావిడకి ఒళ్ళు మండింది. “ఏమయ్యా పెద్దాయనా, అంత మంచి సినిమా వదిలేసి మా మొహాలు చూస్తావేంటి? ముందుకి తిరుగు!” అని కసిరింది. “క్షమించమ్మా” అన్నాను గానీ తిరగలేదు. అయిపోయి దీపాలు వెలిగేదాకా అలాగే కూర్చున్నాను.

అందుకని, సినిమా ఎలా ఉందో నాకు తెలియదు. మంగళవారం స్టేషనుకి వచ్చినప్పుడు నువ్వే చెప్పాలి.

మోకాళ్ళు పట్టేసిన
నాన్న