స్వాప్ ఫైలు తీసేసినోనికి

అమాన్, కంప్యూటర్ ముట్టుకోవద్దు. పెండ్లి ఆల్బమ్ చేస్తాంటే పొద్దున్నుంచి మూడుసార్లు దానంతటదే మూసుకుపోయింది, చేసిన పేజీలన్నీ పోయినాయి. వైరస్ కాదప్పా. ర్యామ్ నిండితే మిగతా బరువు డిస్కులోని స్వాప్ ఫైలు మోస్తాండె. అది చెత్త అనుకొని తీసేసి, ఆ జాగాలో నీ డ్రోన్ వీడియోలు పెట్టుకున్నావు. సాయంత్రానికల్లా వాటిని పెన్‌డ్రైవ్‌లోకి మార్చు, అదొక్కటే చెయ్యి. స్వాప్ నేనొచ్చి పెడతా.

పోయిన పేజీలు నువ్వు చేస్తానని మాత్రం కూర్చోవద్దు. ఆడోళ్ళ ఫొటోలు మొగోళ్ళు చూడరనే మాట మీద నాకిచ్చినారు. శుక్రవారానికి ఆల్బమ్ కాదని పెండ్లికూతురి అమ్మకు చెప్పేదానికి గోరంట్లకు పోతాండా. తప్పు నీది, తిట్లు నాకు.

అక్క షాహిదా

పొయ్యి మీద పప్పు ఉండాది, తిను. ఈ చీటీ కంప్యూటర్లో కొట్టింటే ఇదీ పోయేది.