కుంకుమ కింది నంబరు

సెప్టెంబరు 14, ఆదివారం

లైసెన్సు చేతికొచ్చింది. మా ఆయన పోయిన పద్నాలుగు నెలలకు. నా ఫోటో, నా సంతకం, మామయ్యగారి రైఫిలు. ఎప్పుడో సైన్యం వదిలేసిన తుపాకి — ఇక నా పూచీ.

సాయంత్రానికే మరిది శేషగిరి ఫోను. "వదినా, దసరాకి జమ్మి దగ్గర పేల్చేది ఇంక నేనే గదా?" ఏటా ఇంటి మగవాడు మట్టిదిబ్బలోకి ఒక్క తూటా కాల్చాలి. మామయ్య కాల్చారు, తర్వాత ఆయన. పోయినేడు ఏటిసూతకమని ఆపాం. ఇప్పుడు శేషగిరి వంతు.

చూద్దాంలే అన్నాను. చూడకుండా దేనికీ ఒప్పుకోను.

సెప్టెంబరు 15

పూజగదిలోంచి తుపాకి దించాను. ముందు బోల్టు తీసి లోపల ఖాళీయేనని రెండుసార్లు చూసుకున్నాను.

తుపాకి ఎక్కడుంది, అన్నీ బొట్లే! ఏటా ఆయుధపూజకు గొట్టం మొదట్లో ఒకే చోట కుంకుమ పెట్టి పెట్టి పెచ్చు కట్టింది. తూటాల పెట్టెకూ అదే మర్యాద — తడి పసుపు, గంధం. ఇత్తడి పచ్చగా చిలుము పట్టింది. భక్తితో పాడుచేశాం.

పైన ఫోటోలో మామయ్య. కుడికన్ను తెల్లగా. ఎద్దు పొడిచిందంటారు.

సెప్టెంబరు 16

తడిగుడ్డతో కుంకుమ నానబెట్టి తీశాను. అత్తయ్య గుమ్మంలో నిలబడి — "మీ మామ పెట్టిన బొట్టే అది. చెరుపుతున్నావేందే?"

చెరిపాను. కింద ఉక్కులో అంకెలున్నాయి, ఏ కొలత తూటా పడుతుందో చెప్పేవి. తూటా అడుగున కూడా ఉన్నాయి. ఈ అంకెలు వేరు, ఆ అంకెలు వేరు. భూతద్దం పెట్టి మూడుసార్లు చూశాను. కాలేజీ ల్యాబులో ఇరవై ఏళ్ళుగా చేస్తున్నాను, లేబులు కలవని సీసా మూత తీయను. ఇంట్లో మాత్రం... సరిగ్గా చదవాల్సిన చోటే బొట్టు పెట్టుకుంటూ వచ్చాం.

భయమేసింది. అబద్ధమెందుకు.

సెప్టెంబరు 17

శేషగిరి వచ్చాడు. అంకెలు చూపించాను. నవ్వాడు.

"పడుతుంది గదా వదినా. కాస్త వదులుంటే నాన్న కాయితం చుట్టేవాడు. చానా ఏళ్ళు పేలింది."

కాయితం చుట్టి! నాకు ఒళ్ళు మండిపోయింది.

వెళ్తూ గుమ్మంలో అన్నాడు — "ఆడదాని పేరు మీదకి వచ్చేసరికి తుపాకి మూగదైందా ఏంది?"

లైసెన్సు నాది నాయనా. ఏదన్నా అయితే జైలు నాకు, దెబ్బ నీకు.

సెప్టెంబరు 20, శనివారం

గుంటూరు. తుపాకులు బాగుచేసే ముసలి మేస్త్రి. లైసెన్సు చూసి, తుపాకి తడిమి, పని మొదలుపెట్టాడు. తూటా కూర్చునే గదికి అచ్చు తీసి కొలిచాడు. మధ్యలో ఎవరన్నా తొలిచి మార్చి ఉంటారేమోనని. కొలత గొట్టం మీది అంకెలతోనే కలిసింది. మన తూటాతో కాదు.

"పట్టిందంటే సరిపోయినట్టు కాదమ్మా."

ఇది పాతకాలపు నల్లటి తుపాకిమందు కోసం చేసిన తుపాకి అట. ఇప్పటి మందు జోరును ఈ ఉక్కు తట్టుకోలేదు. పైగా గదిలో వదులుగా కూర్చున్న తూటా పొట్ట పగిలితే మంట వెనక్కి వస్తుంది... కాల్చేవాడి ముఖం మీదికి. కాయితం సంగతి చెప్పాను. కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు.

దీనికి తగిన తూటా ఇప్పుడు తయారు కావడం లేదు. ఎక్కడైనా పాతవి దొరికినా నమ్మొద్దన్నాడు. "పూజకుంచుకోండి. పేల్చొద్దు. ఆ తూటాలు పాతిపెట్టొద్దు, నిప్పులో వేయొద్దు, బావిలో పారేయొద్దు. స్టేషన్లో అప్పజెప్పండి."

దారంతా ఒకటే అనుకున్నాను. ఈ దసరాకి చప్పుడు ఉండదు. ఎవరేమనుకున్నా సరే.

సెప్టెంబరు 21

శేషగిరికి అంతా చెప్పాను. తలూపాడు. అంత తొందరగా తలూపే మనిషి కాదు.

సెప్టెంబరు 22

పెట్టెలో తూటాలు తొమ్మిదే ఉన్నాయి. మేస్త్రి బల్ల మీద పది పరిచాను.

నిన్న పూజగదిలోకి వెళ్ళింది శేషగిరి ఒక్కడే. తాళం వేయనిది నేను. నా బుద్ధి గడ్డి తిన్నది.

ఫోను చేస్తే ఎత్తడు.

సెప్టెంబరు 23

వెల్దుర్తి స్టేషన్లో తొమ్మిదీ అప్పజెప్పి రసీదు తీసుకున్నాను. ఒకటి కనిపించడం లేదని రాసి ఇచ్చాను. దొరికిన క్షణం తెస్తానన్నాను. ఎస్సై నా ముఖం వంక చూశాడు. నేను తల దించుకోలేదు.

సెప్టెంబరు 30

ఈ రోజు అత్తయ్యతో గట్టిగానే మాట్లాడాను. మంట వెనక్కి కొడుతుందని, కన్ను పోతుందని...

ఆమె బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. అంది.

"ఎద్దు కాదమ్మాయ్."

అంతే. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక దసరా పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు చేలో పేల్చి చూసిన కాయితం చుట్టిన తూటానే మామయ్య కన్ను తీసింది. తుపాకి పరువు పోతుందని ఎద్దు కథ అల్లారట మామయ్య. మరుసటేడు ఒంటికంటితోనే మళ్ళీ కాల్చారు! తర్వాత నా మొగుడు పన్నెండేళ్ళు కాల్చాడు. నేను పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాను.

"శేషగిరికి చెప్పండి" అన్నాను.

"వాడి ముందు మీ మామ పరువు తీయమంటావా?"

"పరువు కావాలా అత్తయ్యా, వాడి కన్ను కావాలా?"

ఆమె చేట మళ్ళీ అందుకుంది.

అక్టోబరు 1

ఆయుధపూజ. తుపాకికి పూజ చేశాను — బొట్టు చెక్కకు పెట్టాను, గొట్టానికి కాదు. ఆ అంకెలు ఇక ఎవరైనా చదవాలి.

బోల్టు తీసి నా చేతిసంచిలో వేసుకున్నాను. అది లేనిదే తుపాకి పేలదు.

అక్టోబరు 2, మధ్యాహ్నం

శేషగిరి వచ్చాడు. కొత్త తెల్ల చొక్కా. జేబు ఒకవైపుకి లాగుతోంది. "పోదామా వదినా, జమ్మికి టైమైంది. తుపాకి ఇటియ్యి." వీధిలో డప్పులు మొదలయ్యాయి.

ఇవ్వనన్నాను. బోల్టు లేదన్నాను. ముఖం ఎర్రబడింది. "ఊళ్ళో తల ఎట్టా ఎత్తుకోను? నాన్న ఉంటే —"

అప్పుడు లేచింది అత్తయ్య. గోడ పట్టుకుని వచ్చి కొడుకు జేబు మీద చెయ్యి వేసింది.

"ఒరేయ్, లోపలికి రా. మీ నాన్న కంటి సంగతి ఒకటి చెప్పాలి."

తలుపు వేసుకున్నారు.

డప్పులు ముందుకు సాగిపోయాయి. మనకోసం ఆగలేదు. నేను అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను, సంచి ఒళ్ళో పెట్టుకుని. లోపల మొదట అతని గొంతు పెద్దగా వినిపించింది. తర్వాత ఆమెది. ఇప్పుడు ఆమెది ఒక్కటే... తలుపు ఇంకా తెరుచుకోలేదు.