వస పోసినా రాని మాట

పోర్ట్‌బ్లెయిర్,
ఆదివారం మధ్యాహ్నం

మా అప్పకి,

నీ చెల్లెలు దాలమ్మ దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేను, మీ మరిది, మంగ ముగ్గురం పని చేసుకుని, ఇంత తిని, వానలో తడిసి ఆరుతూ బాగానే ఉన్నాం. నువ్వు, బావ, చిన్నోడు, అమ్మ, అత్త అందరూ కులాసాగా ఉండాలని రోజూ అమ్మవారికి చెప్పుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? అత్త దగ్గు తగ్గిందా? బావకి మిల్లులో ఇప్పుడు ఏ షిఫ్టు వేస్తున్నారు?

ఫోను ఉండగా దీనికి ఈ రాతకోతలు ఏమిటి అనుకుంటావు. నీ ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది కదా అప్పా. ఒక పక్క అమ్మ, ఒక పక్క అత్త. నేనొక మాటంటే వాళ్ళు నాలుగంటారు, నాకు ఏడుపొస్తుంది, ఈలోగా సిగ్నల్ పోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మన పేట అప్పన్న మావ ఓడలో విశాఖపట్నం వస్తున్నాడు. అక్కడి నుంచి బస్సు పట్టుకుని నెల్లిమర్ల వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. నువ్వొక్కదానివే చదువుకో. చదివాక బావకి చెప్పు. అమ్మకీ అత్తకీ ఇప్పుడే వద్దు.

మా గురించి బెంగ పెట్టుకోకు. మీ మరిది మంచి బోటు మీదే ఉన్నాడు. వేటకి వెళ్తే కొన్నాళ్ళు రాడు, వచ్చాక రెండు రోజులు నిద్రపోతాడు. నేను జెట్టీ దగ్గర రొయ్యలు ఒలుస్తున్నాను. ఐసులో నాని చేతి వేళ్ళు పగిలిపోయాయి, అంతకు మించి బాధ లేదు. వాన మాత్రం పట్టుకుంటే వదలదు. ఉతికిన గుడ్డ ఆరదు, ఆరిన గుడ్డకి కూడా ముక్కిన వాసన. ఇక్కడ చేపలు పెద్దవే, మన నెత్తళ్ళ రుచి వీటికెక్కడిది? కూరగాయలన్నీ ఓడ మీద రావాలి, వచ్చేసరికి సగం వాడిపోతాయి. వీలుంటే ఈసారి ఎవరైనా వచ్చేటప్పుడు కాస్త కొత్త చింతపండు, అమ్మ కొట్టిన కారం పంపించు. ఇక్కడి కారానికి ఎరుపే తప్ప ఘాటు లేదు.

మేముండే లైను ఇళ్ళలో ఒక గుమ్మం తమిళులది, ఒక గుమ్మం బెంగాలీలది, చివర రాంచీ వాళ్ళు. పక్కింటి తమిళమ్మ కొడుక్కి నోరు తిరిగి ఏడాదైందేమో. వాళ్ళమ్మతో తమిళం, నాతో తెలుగు, కొళాయి దగ్గర పిల్లలతో బెంగాలీ, కొట్టువాడితో హిందీ. ఎవరు కూర్చోబెట్టి నేర్పారు వాడికి? ఎవరూ నేర్పలేదు. వచ్చి మూడేళ్ళయినా నా హిందీకి ఇంకా అందరూ నవ్వుతారు. ఆ పిల్లాడికి గాలి పీల్చినట్టు వచ్చేసింది. వాడంటే నాకు ముద్దే. కానీ వాడు గుమ్మంలో నిలబడి వాగుతుంటే ఒక్కోసారి తలుపేసేస్తాను. నా మనసు అంత చెడ్డదైపోయింది.

ఇప్పుడు మంగ సంగతి చెప్తాను.

దానికి ఆరేళ్ళు నిండినా ఒక్క మాట లేదని మీకు తెలుసు. మీ అందరితో పాటు నేనూ అదే అనుకున్నాను, పళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు మాటా ఆలస్యంగా వస్తుందని. పురిటింట్లో అమ్మ వస కొమ్ము సానరాయి మీద అరగదీసి నా పాలలో రంగరించి దాని నాలుకకి రాసింది గుర్తుందా? ఎక్కువైతే వసపిట్టలా వాగుతుందని, ఆడపిల్లకి అంత వాగుడు వద్దని కొంచెమే రాసింది. తర్వాత మాట రాకపోయేసరికి అత్త ఊరుకుందా? వాకిట్లో అందరి ముందూ అనేసింది.

"వదినా, నీ పిసినారి సేత్తో వస పోసీసినావు. అందుకే నా మనవరాలికి మాట రానేదు."

దానికి అమ్మ రెండు నెలలు అత్తతో మాట్లాడలేదు. మళ్ళీ వస తెచ్చి పోశారు. ఇంకొకరు వచ్చి చిలక కొరికిన జామపండు తినిపించమన్నారు, అదీ తినిపించాం. మొక్కులు మొక్కాం. వస తక్కువైందని ఒకరు, వస పాతదని ఒకరు, ఇలా ఆ కొమ్ము చుట్టూ తిరుగుతూనే దానికి ఏళ్ళు గడిచిపోయాయి. అందరం దాని నాలుక చూసినవాళ్ళమే. చెవి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.

మొన్న వానల్లో మంగకి జ్వరం కాసింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడ డాక్టరమ్మ దాని వెనక్కి వెళ్ళి ఇనప ట్రే మీద కత్తెరతో కొట్టింది. నేను ఉలిక్కిపడ్డాను. మంగ కదలలేదు, నా ముక్కుపుడక కేసి చూస్తూ కూర్చుంది. అప్పుడు చెవుల డాక్టరు దగ్గరికి పంపారు. ఆవిడ గదిలో కూర్చోబెట్టి, వైర్లు పెట్టి చూసి, రెండు చెవులకీ పుట్టుకతోనే వినికిడి లేదని చెప్పింది. మరి తలుపు ధడాలున పడితే తిరిగి చూస్తుందే అని అడిగాను. నేల అదిరితే ఒంటికి తెలుస్తుంది, చప్పుడు వినిపించి కాదు అంది.

ఆవిడ హిందీలో చెప్తుంటే మీ మరిది నాకు తెలుగులో చెప్పాడు. చెప్తూ చెప్తూ మధ్యలో ఆగిపోయాడు, మళ్ళీ ఆవిడే చేతులు తిప్పుతూ తేలిక హిందీలో నాకు చెప్పింది. మనిషి బిడ్డకి మాట నేర్పక్కర్లేదట. మాట్లాడే గుణం కడుపులో నుంచే వెంట తెచ్చుకుంటుందట. చుట్టూ నలుగురి మాటలు పడుతుంటే అది తనంతట తను మొలుస్తుంది. అయితే దానికి ఒక అదను ఉందట. అదను దాటాక ఎన్ని నీళ్ళు పోసినా గింజ అలాగే ఉంటుంది గానీ మొక్క సరిగ్గా లేవదు. మంగకి ఆ అదను చాలా మటుకు దాటిపోయిందని చెప్పింది. ఇప్పుడు చెవికి మిషన్ పెట్టినా చప్పుడు తెలుస్తుందేమో గానీ మాట నిండుగా రాదట.

అది మొద్దు పిల్ల కాదప్పా. నాన్న అనడానికి బోటు ఇంజను తాడు లాగినట్టు చెయ్యి లాగుతుంది. అమ్మ అనడానికి, నాకు ముక్కుపుడక ఉంది కదా, ముక్కు పట్టుకుంటుంది. తాడు లాగి, నీళ్ళు చూపించి, ఒట్టి చెయ్యి తిప్పితే నాన్న ఇంకా రాలేదని. ఇవి మేం నేర్పినవి కావు, దాని లోపలి నుంచి పుట్టుకొచ్చినవి. డాక్టరమ్మ ఇవన్నీ చేయించి చూసి, చూశారా గింజ ఉంది, నీళ్ళే అందలేదు అంది. ఆ మాటకి నేను ఆసుపత్రి వరండాలో నేల మీద కూలబడి ఏడ్చాను. మంగ వచ్చి నా కళ్ళు తుడిచి, ఎందుకని చెయ్యి తిప్పి అడిగింది. ఏం చెప్పను? ఎలా చెప్పను?

నీకు ఒక్క సంగతి చెప్తే అర్థమవుతుంది. మీ మరిది వేటకెళ్తే రేపొస్తాడనో, ఎల్లుండొస్తాడనో దానికి చెప్పడానికి నా దగ్గర దారి లేదు. అన్నం చూపించగలను, నీళ్ళు చూపించగలను, రేపుని ఎక్కడి నుంచి తెచ్చి చూపించను? వెళ్ళిన ప్రతిసారీ ఇక రాడనే అనుకుంటుంది. జెట్టీ చివర రాయి మీద కూర్చుని తల నేలకేసి కొట్టుకుంటుంది. నుదురు మీద కాయ కాసింది. వచ్చాక వాళ్ళ నాన్న చొక్కా పట్టుకుని నిద్రలో కూడా వదలదు. నోట్లో మాట లేకపోతే మనిషికి రేపనేదే లేదని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

చెవిటి పిల్లల బడి ఒకటి ఉంటే అందులో వేశాను. చేతులతోనే చదువు చెప్తారు. మీ మరిది ఒప్పుకోలేదు.

"సైగలు నేర్పీసినావంటే దానికింక మాట రాదే. మన పిల్ల మూగదని మనమే ముద్దరేసినట్టవుతాది," అన్నాడు.

అయినా వేశాను. బడిలో దింపడానికి ఇప్పటికీ రాడు. అక్కడ పంతులమ్మకీ వినిపించదు, కానీ ఆవిడ చేతులు ఒక్క క్షణం ఊరుకోవు. మూడేళ్ళప్పుడే బడికొచ్చిన ఒక బెంగాలీ పిల్ల ఉంది, మంగ కన్నా చిన్నది. నిన్న ఇంట్లో జరిగిన గొడవంతా చేతులతో కథలాగా చెప్తుంది, మిగతా పిల్లలు పడీ పడీ నవ్వుతారు. మంగ ఆ చేతుల వైపు, ఆకలేసినవాళ్ళు పక్కవాళ్ళ కంచం వైపు చూసినట్టు చూస్తుంది. పేర్లు పట్టుకుంది. కాకి, చేప, గొడుగు వచ్చాయి. వాటిని ఒకదాని వెనక ఒకటి పేర్చడం మాత్రం రావడం లేదు. ఆ చిన్నపిల్ల దీన్ని చూసి నవ్వింది కూడా. వస్తుంది, కానీ బాగా ఆలస్యంగా వచ్చావమ్మా అని పంతులమ్మ పలక మీద హిందీలో రాసింది, పక్కావిడ నాకు చదివి చెప్పింది. చేతి మాటకైనా అదే అదను అట.

ఇంతవరకూ నా ఏడుపు. ఇక్కడి నుంచి నీ సంగతి. జాగ్రత్తగా చదువు.

మీ ఇద్దరూ చుట్టాలా అని డాక్టరమ్మ ఆ రోజు అడిగింది. మేనత్త కొడుకునేనని మీ మరిది చెప్పాడు. ఇంట్లో ఇలాగే చేసుకున్నవాళ్ళు, పసిపిల్లలున్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అంది. మీ మరిది తల దించుకున్నాడు. నేను చెప్పాను, మా అప్పని వీళ్ళ అన్నకే ఇచ్చారు, పది నెలల కొడుకున్నాడని. అయితే ఆ బాబుని ఇప్పుడే చూపించమనండి, ఒక్క నెల కూడా ఆగొద్దు అంది.

బయటికొచ్చాక మీ మరిది నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్య కొంపలో నిప్పెట్టకు. పసిగుంటడి మీద అలాటి మాటంటే తగులుతాది," అన్నాడు. నేనూ నోరు మూసుకున్నాను. అందరికీ అలాగే ఎందుకొస్తుందిలే అని దేవుడి మీద భారం వేశాను.

ఆ మర్నాడే కదా నువ్వు ఫోన్ చేసి మురిసిపోయావు. "మావోడు బంగారమే దాలీ. మిల్లు కూతేసినా కదలడు. గుమ్మంలో టపాకాయలు కాల్సినా లేవనేదు. ఏటి నిద్దరో అది." అమ్మా అత్తా పక్కన నవ్వుతున్నారు.  నేనూ నవ్వి ఫోన్ పెట్టేశాను. మంగ కూడా అలాగే నిద్రపోయేదప్పా. అమ్మవారి పండగలో డప్పులు నెత్తి మీద మోగుతుంటే నా ఒళ్ళో నిద్రపోతే, ఎంత బుద్ధిమంతురాలో అని నీ నోటితో నువ్వే అన్నావు.

నా మాట నమ్మకు, నువ్వే చూసుకో. వాడు నేల మీద కాకుండా నీ భుజాన ఉన్నప్పుడు, బావని వాడి వెనక నుంచి కంచం మీద గరిటెతో కొట్టమను. వాడికి బావ మొహం, నీడ కనపడకూడదు. గాలి తగలకూడదు. మొహం చూసి నవ్వితే అది లెక్క కాదు, మంగ కూడా నవ్వేది. ఊ ఊ అంటున్నాడు కదా అని ధైర్యం తెచ్చుకోకు. ఆరేడు నెలలప్పుడు మంగ కూడా అనేది, తర్వాత తగ్గిపోయింది. ఈ మధ్య వాడి ఊకొట్టడం తగ్గిందేమో గుర్తు తెచ్చుకో.

కదిలినా కదలకపోయినా విజయనగరం తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించు. పసిపిల్లలకి నిద్రలోనే మిషన్ పెట్టి చూస్తారట, నొప్పుండదు. లోపం ఉంటే ఇంత చిన్నప్పుడే ఆపరేషన్ ఉందట, మిషన్ ఉందట, అదీ కుదరకపోతే చేతి మాట ఇప్పటి నుంచే మొదలుపెట్టొచ్చట. వాడికి ఇంకా అదను ఉంది. వస పోద్దాం, ఏడాది నిండనీ, పుట్టువెంట్రుకలు తీయనీ అని అమ్మా అత్తా అంటారు. వాళ్ళు మంచోళ్ళే, మంగ మీద ప్రాణం పెట్టారు. ఆ ప్రేమతోనే మాకు ఆరేళ్ళు పోయాయి.

మీ మరిదికి ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు. తెలిస్తే కొన్నాళ్ళు మాట్లాడడు. మాట్లాడకపోతే ఏమైంది, మా ఇంట్లో అది అలవాటే.

బావకి నా నమస్కారాలు చెప్పు. అత్త కాళ్ళకి, అమ్మ కాళ్ళకి మొక్కానని చెప్పి, నా బదులు మంగని దీవించమను. చిన్నోడికి ముద్దులు. వేళకి తిను, నీ నడుం జాగ్రత్త. మేం బాగానే ఉన్నాం, బెంగ పెట్టుకోకు.

ఇది చదివి నీకు కోపం వస్తుంది. కన్నబిడ్డ మీద అలాంటి మాట రాస్తావా అని కాగితం చింపేస్తావు. చింపెయ్యి. నా కళ్ళు మంచివి కావని అను, నా పిల్లకి లేనిది నీ పిల్లాడికి ఉంటే ఓర్వలేకపోయానని పేటంతా చెప్పు. డాక్టరు దగ్గర నేను అబద్ధాలకోరుని అవ్వాలనే అమ్మవారికి ముడుపు కట్టాను. ఇంటికి తిరిగొచ్చి వాడిని ఒళ్ళో పెట్టుకుని నన్ను నోరారా తిట్టు అప్పా. ఒక్క తిట్టుకైనా వాడు తల తిప్పి చూస్తే నాకదే చాలు.

నీ చెల్లెలు,
దాలమ్మ