పేరు తీసేసిన వరస

గుంటూరు బ్రాడీపేటలో కాపురముంటున్న పల్లెపోగు దేవకుమారి అనే నేను, అద్దంకి దగ్గర పల్లెలో చర్చి ఊడ్చి, గంట కొట్టి మమ్మల్ని చదివించిన కీర్తిశేషులు తోమా గారి పెద్దకూతురిని. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు కంప్యూటర్లు, అందులో చివరి పద్నాలుగేళ్లు కంప్యూటర్ భద్రత పాఠం చెప్పి రిటైరయ్యాను. అరవై ఆరో ఏట, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా రాసి ఉంచుతున్నాను.

నా బుద్ధి స్థిమితంగా ఉంది. బీపీ మాత్ర వేసుకున్నానా లేదా అని ఒక్కోసారి అనుమానం వస్తుంది గానీ, నలభై మూడు పాస్‌వర్డ్‌లు చూడకుండా చెప్పగలను. డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. అందులో నా బరువు రాసిన చోట నల్ల సిరా పూశాను. అది వీలునామాకు అక్కర్లేని సమాచారం. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందని ఎవరైనా తెచ్చి చూపిస్తే అది దొంగది.

నేను పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్లకు తలా ఒక కారణం చెప్పాను. వాళ్లంతా ఒకచోట చేరితే తప్ప నిజం తేలదు.

1. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత నా పాత సహోద్యోగి, స్టాటిస్టిక్స్ లెక్చరరు శ్రీకృష్ణ గారికి అప్పగిస్తున్నాను. ఆయన మీద నాకు ఏడేళ్లుగా ఒక కోపం ఉంది. దాని వివరం ఐదు, ఆరు క్లాజుల్లో ఉంది. అయినా ఆయన్నే పెట్టడానికి కారణం, ఏ కాగితాన్నయినా మూడుసార్లు చదవనిదే ఆయన సంతకం పెట్టరు. ఒకే ఒక్కసారి చదవకుండా పెట్టారు. ఆ దెబ్బతో జన్మలో మళ్లీ పెట్టరు.

2. బ్రాడీపేటలోని నా రెండు గదుల ఇల్లు నా స్వార్జితం. నా తదనంతరం అది నా తమ్ముడు మార్క్ కూతురు షారోన్‌కు సర్వహక్కులతో చెందవలెను. ఈ పిల్ల పన్నెండో ఏట, నేను మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నా బొటనవేలు పట్టుకుని ఫోనుకి ఆనించి తాళం తీసింది. నిద్రలేచి చూద్దును కదా, గేమ్ ఆడుకుంటోంది. "నీ వేలే కదత్తా, వేరేవాళ్లది కాదుగా" అంది. వేలిముద్ర తాళాల మీద అంత సూటి విమర్శ నేను పెద్ద సదస్సుల్లో కూడా వినలేదు. షరతు ఒక్కటే: నేను పోయాక నా వేలితో ఆ పని మళ్లీ చేయకూడదు. పాస్‌వర్డ్‌ల చీటీ ఎక్కడుందో తనకి చెవిలో చెప్పాను.

3. పల్లెలో నా జీతంతో కొన్న అరెకరం మిరప చేను తమ్ముడు మార్క్‌కు. వాడు మా నాన్న ఊడ్చిన చర్చికే పాస్టరు. చర్చి కంప్యూటరుకు, మైకు పెట్టెకు, వైఫైకి కలిపి వాడు పెట్టుకున్న పాస్‌వర్డ్ ఒకటే: యోహాను 316. మార్చరా అంటే, "దేవుడి వాక్యం కన్నా గట్టి తాళం ఏముంటుందక్కా?" అన్నాడు. వాక్యం గట్టిదే. కానీ ఊరందరికీ కంఠతా వచ్చు. ఆ పాస్‌వర్డ్ మార్చి షారోన్‌కు చూపించిన తర్వాతే చేను వాడి పేరుకు మారవలెను. కీర్తనలు 23 అని మారిస్తే చెల్లదు.

4. మా పక్కింటి సుబ్బరావమ్మ గారికి నా గ్రైండరు, పండుమిరపకాయ పచ్చడి జాడీ, జాడీలో అప్పటికి మిగిలిన పచ్చడి. ఎవరు ఫోన్ చేసి నంబరు అడిగినా ఈవిడ, "పాపం, ఎవరి కన్నబిడ్డో, పొట్టకూటికి అడుగుతున్నాడు" అని ఓటీపీ చెప్పేసేవారు. చివరికి ఆవిడ ఫోను వెనక ఎర్ర కాగితం అంటించి, "అడిగితే చెప్పకూడదు" అని రాశాను. ఆ మర్నాడు నేను టైమెంతయిందండీ అని అడిగితే చెప్పలేదు. ఇరవై రెండేళ్లు నా వాకిట్లో నీళ్లు చల్లిన మనిషి. గ్రైండరు వాడేటప్పుడు నన్ను తిట్టుకుంటే నాకు సంతోషం.

5. ఇక శ్రీకృష్ణ గారి సంగతి. ఇది కొంచెం పొడుగ్గా రాయక తప్పదు.

2018 ఫిబ్రవరిలో, మిరప కోతలప్పుడు, ఒక ధర్మసంస్థ మా వైపు పల్లెల్లో కూలీలకు వైద్య శిబిరాలు పెట్టింది. మంచి పనే. తర్వాత ఆ పరీక్షల పట్టికను, పరిశోధకులకు పనికొస్తుందని, తమ వెబ్‌సైటులో అందరూ చూసేలా పెట్టింది. పేర్లు, ఆధార్ నంబర్లు తీసేసింది. ఊరు, వయసు, చేసే పని, పిల్లలెందరు, జబ్బేమిటి అన్నవి ఉంచింది. ఆ పట్టిక తయారుచేసి ఇచ్చింది శ్రీకృష్ణ గారు.

క్లాసులో చూపిద్దామని తెరిచాను. మా ఊరివి ముప్పై ఎనిమిది వరసలు. టీ చల్లారేలోపు పదకొండు మందిని గుర్తుపట్టాను. అందులో ఒక వరస: ఆడమనిషి, ముప్పై నాలుగేళ్లు, భర్త లేడు, బడిలో మధ్యాహ్న భోజనం వంట, ఇద్దరు ఆడపిల్లలు. మా ఊళ్లో బడి ఒకటి. వంటమనిషి ఒకతె. వరస చివర ఒక జబ్బు పేరు. దాన్ని ఇక్కడ రాయను. ఆమె పేరు తొమ్మిదో క్లాజులో, రాయవలసిన చోట రాస్తాను.

వెంటనే శ్రీకృష్ణ గారికి ఫోన్ చేశాను. "పేర్లు తీసేశాం కదండీ మేడం, ఇంకేం తీయాలి?" అన్నారు. పేరు తీసేస్తే మనిషి కనపడకుండా పోవడానికి మా ఊరేమన్నా హైదరాబాదా? మా ఊళ్లో సగం మందిని అసలు పేరుతో పిలవరు. "చెరువు కట్ట కుంటాయన కోడలు" అంటే చాలు, ఆటోవాడు గుమ్మంలో దింపుతాడు. ఈ మాటే పదేపదే చెప్పాను. ఆయన నవ్వారు.

మా విద్యలో ఒక పద్ధతుంది. లోపం కనిపెడితే ముందు సొంతదారుకు గుట్టుగా చెప్పాలి, సరిదిద్దుకోవడానికి గడువివ్వాలి. సంస్థకు ఉత్తరం రాసి పది రోజులు గడువిచ్చాను. పదకొండో రోజు పొద్దున్నే ఆ వంటమనిషి బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. ఎవడో ఆ పట్టిక ఫోనులో చూసి ఊళ్లో చెప్పాడు. పిల్లలంతా బడికి ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకుంటున్నారు. ఆమె వండిన అన్నం వండినట్టే ఉండిపోతోంది. "నా సంగతి ఎవరు చెప్పారు టీచరమ్మా?" అని అడిగింది. ఎవరని చెప్పను? వయసు చెప్పింది, పని చెప్పింది, ఊరు చెప్పింది. నేను పద్ధతిగా ఇచ్చిన ఆ పది రోజులు కూడా కొంత చెప్పాయి. ఇది నా తప్పుగా ఈ వీలునామాలో నమోదు చేస్తున్నాను.

6. నా ఉత్తరానికి జవాబుగా లాయరు నోటీసు వచ్చింది. నేను వాళ్ల కంప్యూటర్లోకి దొంగతనంగా చొరబడ్డానట. అందరికీ తెరిచిపెట్టిన గుమ్మంలోంచి లోపలికి చూసినందుకు దొంగనయ్యాను. నోటీసు కింద సాంకేతిక నిపుణుడిగా సంతకం శ్రీకృష్ణ గారిది. పక్క గదిలో పదహారేళ్లు పాఠం చెప్పిన మనిషి! ఆ సంతకం చదవకుండా పెట్టానని ఆయన తర్వాత అన్నారు. చదివి పెట్టి ఉంటే నాకు కోపం తక్కువ ఉండేది.

క్షమాపణ రాసిచ్చేయమని ప్రిన్సిపాల్ గారు సలహా ఇచ్చారు. రిటైర్మెంటు ఏడాదిలోకి వచ్చింది, గొడవెందుకని. నేను క్షమాపణ రాయలేదు. గుంటూరులో సంస్థ మీటింగుకు వెళ్లి పది నిమిషాలు అడిగాను. మొదటి శిబిరంలో వాళ్ల ఆఫీసు వాళ్లు కూడా పరీక్షలు చేయించుకున్నారు. ఆ వరసలు కూడా పట్టికలోనే ఉన్నాయి. గుంటూరు, యాభై ఎనిమిదేళ్లు, డైరెక్టరు, పిల్లలు లేరు. అలాంటి వరస ఒక్కటే ఉంది. దాన్ని పైకి చదవలేదు. చీటీ మీద వరస నంబరు రాసి, మడిచి డైరెక్టరు గారి చేతిలో పెట్టాను. ఆయన తన ఫోనులో ఆ వరస తెరిచి చూసుకున్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఇప్పుడే తీసేయించండి" అన్నారు. ఆ వరసలో ఏముందో నాకు తెలుసు. నాతోనే పోతుంది.

అప్పుడు, ఎవరూ అడగకుండానే, శ్రీకృష్ణ గారు లేచి నిలబడ్డారు. "తప్పు నాదండీ. మేడం నాకు మూడుసార్లు చెప్పారు. నేనే నవ్వాను" అన్నారు. సంస్థ నోటీసు వెనక్కి తీసుకుంది.

7. పట్టిక తీసేస్తే ఊరు మరిచిపోదు. మర్నాడు శ్రీకృష్ణ గారు తనంతట తానే నాతో మా పల్లెకు వచ్చారు. బడి వరండాలో పిల్లల పంక్తిలో కింద కూర్చున్నారు. కాలేజీ క్యాంటీన్లో ఇడ్లీ కూడా చట్నీ లేకుండా తినే ఈ మనిషి, మా ఊరి పప్పుచారుతో మూడుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అది కారానికా అని నేను అడగలేదు. గేటు దగ్గర తల్లులు నిలబడి చూశారు. వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆగలేదు.

తిరుగు బస్సులో ఆయన నాతో అన్న మొదటి మాట: "మేడం, నేను మీటింగులో పొరపాటు చెప్పాను. మీరు చెప్పింది మూడుసార్లు కాదు, రెండుసార్లే." ఏడేళ్ల నుంచి ఈ విషయం మా ఇద్దరి మధ్య వాదనలో ఉంది. నేను పోయాక కూడా తేలకూడదని నా కోరిక.

కొన్ని క్యారేజీలు ఆగాయి. కొన్ని ఆగలేదు. అన్నీ ఆగేదాకా ఆమె ఎదురుచూడలేదు. ఆ వేసవిలోనే పిల్లల్ని తీసుకుని కొత్తపట్నం వెళ్లి, చేపల రేవు దగ్గర టిఫిన్ బండి పెట్టుకుంది.

శ్రీకృష్ణ గారికి మా అమ్మ ఇత్తడి మరచెంబు ఇస్తున్నాను. మా వైపు ఎప్పుడు భోజనానికి వెళ్లినా నీళ్లు పోసుకుని వెంట తీసుకెళ్లవలెను.

8. నా లాప్‌టాప్‌లో ఆ పదకొండు మంది వివరాలు ఇంకా ఉన్నాయి. డిలీట్ నొక్కితే పోతుందనుకునేవాళ్లు నా క్లాసులో ఫెయిలైనవాళ్లు. ముందుగా షారోన్ డిస్కు పూర్తిగా చెరిపి, పైన మళ్లీ రాసి, ఊడదీసి ఇవ్వాలి. శ్రీకృష్ణ గారు దాన్ని రోట్లో వేసి రోకలితో దంచాలి. సుబ్బరావమ్మ గారు పర్యవేక్షిస్తారు. దంచడంలో ఆవిడకు అనుభవం ఉంది.

నా ఫోటోతో ఫ్లెక్సీ కట్టవద్దు. సమాధి రాయి మీద పుట్టిన సంవత్సరం చాలు, తేదీ వద్దు. ఇప్పటికీ చాలాచోట్ల ఆ తేదీ అడిగే తాళాలు తీస్తున్నారు.

9. ఈ వీలునామా మొదటి చిత్తులో ఆమె పేరు, ఊరు ఎక్కడా లేవు. వయసు మార్చాను. వంటమనిషిని ఆయాను చేశాను. ఇద్దరు ఆడపిల్లల్ని ఒక మగపిల్లాణ్ణి చేశాను. రిజిస్టరైన వీలునామా నకలు, రాసినవాళ్లు పోయాక ఎవరైనా తీసుకోవచ్చు. అందుకని నాకొచ్చిన విద్యంతా వాడాను. గత నెల ఆమె నన్ను చూడటానికి గుంటూరు వచ్చినప్పుడు, గొప్పగా చదివి వినిపించాను.

చివరిదాకా విన్నది. "బాగానే దాచారు టీచరమ్మా. వాళ్లు నన్ను అడక్కుండా బయటపెట్టారు. మీరు నన్ను అడక్కుండా దాచేశారు" అంది.

పద్నాలుగేళ్లు ఈ పాఠం చెప్పినదాన్ని. అప్పుడు అడిగాను, ఏం రాయమంటావని. "జబ్బు పేరు వద్దు. అది నా పిల్లలకు నేనే చెప్పుకుంటాను. మిగతాది ఉన్నది ఉన్నట్టు రాయండి. ఆ రోజు ఆ సారుకి అన్నం పెట్టింది ఎవరో తెలియాలి కదా" అంది. పై క్లాజులన్నీ ఆ మాట ప్రకారం తిరగరాశాను. ఆమె పేరు షేక్ మౌలాబీ.

నా మెళ్లో గొలుసు ఆమెకు రాస్తానన్నాను. వద్దంది. సాక్షి సంతకం పెట్టినవాళ్లకు వీలునామాలో ఏమీ రాకూడదని చట్టం. చిత్తు చివర గుర్తు కోసం రాసుకున్న ఆ మాట కూడా నేను చదివితే, అది పట్టుకుంది. "గొలుసు షారోనుకి ఇవ్వండి. నేను సంతకం పెడతా" అంది.

కనుక నా గొలుసు కూడా షారోన్‌కే. మౌలాబీకి ఈ వీలునామా ద్వారా నేను ఏమీ ఇవ్వడం లేదు.

2025 సెప్టెంబరు 14, ఆదివారం, గుంటూరు.

(సంతకం) పల్లెపోగు దేవకుమారి

దేవకుమారి గారు మా కళ్లెదుట సంతకం పెట్టగా, ఆమె ఎదుట మేము పెట్టిన సాక్షి సంతకాలు:

1. సిలార్, జిరాక్స్ షాపు, బ్రాడీపేట, గుంటూరు. (పాడైన కాపీలు చించేశాను.)

2. షేక్ మౌలాబీ, టిఫిన్ బండి, కొత్తపట్నం. (మొత్తం చదివించుకుని విన్నాను. ఇందులో నా పేరు నేను చెప్తేనే రాశారు.)